నీళ్ల సీసాల ఏడాది

పోయిన బుధవారం పొద్దున వంకాయలు తరుగుతుంటే మా మేనత్త ఫోన్ చేసింది. ఆమె ఫోన్ చేసిందంటే మొదట నా మోకాళ్ల నొప్పులు, తర్వాత తన మోకాళ్ల నొప్పులు, ఆ తర్వాత ఊళ్లో ఎవరు ఎవరితో మాటలు మానేశారో ఆ వైనం, చిట్టచివర అసలు సంగతి. ఆ రోజు మాత్రం మోకాళ్లన్నిటినీ వదిలేసి నేరుగా సంగతిలోకి దిగింది. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు నేను తప్పకుండా రావాలట. ఊళ్లో జనరేటర్లు బాగుచేసే అతని కూతురికి ప్రవచన వరం వచ్చిందట. ఆ పిల్ల రాత్రుళ్లు నిద్రపోకుండా ఎవరితోనో మాట్లాడుతోందట, అన్నం ముట్టడం లేదట, కళ్లు మూసుకుని ఏం చెబితే అది జరుగుతోందట. వయసెంత అత్తా అని అడిగాను. "పదిహేడు నడస్తా ఉండాది. కావలిలో ఇంటరు చదవతా ఉండింది, ఇప్పుడు మానుకునింది" అంది, మానుకోవడం కూడా ఒక ఘనకార్యమైనట్టు. నేను కత్తిపీట కాలితో పక్కకు నెట్టి లేచాను. తరిగిన ముక్కలు నీళ్లలో వెయ్యడం మరిచిపోతే నల్లగా కమిలిపోయాయి. ఆ కూర మా ఇంట్లో ఎవరూ నోట పెట్టలేదు, నేనూ ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు.

నాకు కోపం ఎక్కువని మా బడిలో పిల్లలకు తెలుసు, ఇంట్లోవాళ్లకు తెలుసు, పాలు పోసే అతనికి మరీ బాగా తెలుసు. కానీ ఇది ఆ కోపం కాదు. ఇరవై ఏళ్లకు పైగా నా కడుపులో నిప్పు మీద బూడిద కప్పుకుని కూర్చున్న కోపం. అత్త ఆ రోజు ఆ బూడిద ఊదేసింది. పక్కగదిలో కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. మా చెల్లి గుమ్మంలోకి వచ్చి, చేతిలో ఎవరిదో జాకెట్టు చేయి పట్టుకుని, నా మొహం చూసి నిలబడిపోయింది. మా చెల్లి సంగతి చెప్పాలంటే మా ఊరి సంగతి, మా నాన్న గుంటల సంగతి ముందు చెప్పాలి.

మా ఊరు కావలికి తూర్పున, సముద్రం గాలి తగిలేంత దూరంలో ఉంటుంది. మా నాన్న మొదట వరి పండించేవాడు. ఊరందరితోపాటు ఆయనా పొలం తవ్వించి రొయ్యలు పెంచడం మొదలుపెట్టాక మా ఇంటికి మూడు వైపులా గుంటలే మిగిలాయి. చెల్లి చిన్నగా ఉండగానే మా అమ్మ పోయింది. భర్త పోయి పుట్టింటికి చేరిన మా మేనత్తే చెల్లిని పెంచింది. గుంటల్లో నీళ్లకు గాలి అందడానికి ఏరియేటర్లు తిరుగుతుంటాయి. నీళ్లను చక్రాలతో చిలికే యంత్రాలవి. వాటి సద్దు రాత్రంతా ఉంటుంది. మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టాలు వాన పడుతోందనుకుని దండెం మీద బట్టలు తీయడానికి లేచి, చుక్కలు చూసి సిగ్గుపడి పడుకునేవాళ్లు. మేత వాసన, గుంట అడుగున కుళ్లిన మట్టి వాసన, ఉప్పుగాలి కలిసి మా బట్టల్లో, జుట్టులో, చివరికి పరీక్ష అట్టల్లో కూడా ఉండేవి. కావలి కాలేజీలో మా పక్కన కూర్చున్న అమ్మాయిలు ముక్కు ముడుచుకునేవాళ్లు. మేము పట్టించుకునేవాళ్లం కాదు. ఆ వాసనతోనే మాకు ఫీజులు కట్టారని మాకు తెలుసు.

మా నాన్నకు రొయ్య గురించి తెలియంది లేదు. ఒడ్డున చెక్ ట్రే అని ఒక వలపళ్లెం తాళ్లతో నీళ్లలోకి దించి ఉంచుతారు. మేత చల్లేటప్పుడు గుప్పెడు అందులోనూ వేసి, కాసేపయ్యాక పైకి లాగి చూస్తే రొయ్య తిన్నదీ లేనిదీ తెలుస్తుంది. మా నాన్న రోజూ పొద్దున్నే ఆ పళ్లెం ఎత్తి, ఒక రొయ్యను వేళ్ల మధ్య పట్టుకుని సూర్యుడి వైపు పెట్టి, దాని పేగు నిండిందా లేదా చూసేవాడు. మేత మిగిలిందంటే ఆ రోజు ఆయనకు కాఫీ దిగేది కాదు. గుంటలో రొయ్య పిల్లను వదిలిన నెల దాటాక, ఫలానా రోజుల్లో తెల్లమచ్చ తెగులు వస్తుందని, ముందుగా రొయ్య మేత మానేస్తుందని, తర్వాత గుంపు వదిలి ఒంటరిగా ఒడ్డుకు వచ్చి తిరుగుతుందని, అప్పుడైనా కళ్లు తెరవకపోతే గుంట మొత్తం పోతుందని మాకు అన్నం పెట్టినంత మామూలుగా చెప్పేవాడు. ఈ మాట గుర్తుంచుకోండి. మేత మానేయడం, గుంపు వదిలేయడం, ఒంటరిగా ఒడ్డున తిరగడం.

మా చెల్లి నాకంటే పదేళ్లు చిన్నది. ఇంట్లో ఉన్న అల్లరి అంతా దానిదే. మందిరంలో కంజీర వాయించేది. మా అయ్యగారు, అంటే మా పాస్టరు, ప్రసంగానికి ముందు రుమాలు విప్పి, గొంతు సవరించి, ముక్కు చీది, మళ్లీ రుమాలు నాలుగు మడతలు పెట్టే తీరు అది చేసి చూపిస్తే మా నాన్న తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాడు. దేవుడి మనిషిని ఎక్కిరించొచ్చా అని అత్త తిడుతూనే, పొయ్యి వైపు తిరిగి తానూ నవ్వేది. లెక్కల్లో అది నన్ను మించిపోయింది. పచ్చిమామిడికాయ ఉప్పూకారం అద్దుకుని తింటూ, ఆ చేత్తోనే లెక్కలు చేస్తే పుస్తకం పేజీలన్నీ ఎర్రమరకలు. అది డాక్టరో ఇంజినీరో అవుతుందని అందరూ అనేవాళ్లు. నేను మాత్రం, అది నోరున్న లాయరు అవుతుందనుకునేదాన్ని.

నాకు పెళ్లై నెల్లూరు వచ్చేశాక, అది ఇంటరు రెండో ఏడు చదివేటప్పుడు, వానలకు సెలవులిస్తే ఇంటికి వచ్చి మళ్లీ కాలేజీకి పోలేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నేను కడుపుతో ఉన్నాను. ఫోన్ చేస్తే బాగుంది, చదువుకుంటోంది, నిద్రపోతోంది అనేవాళ్లు. కడుపుతో ఉన్న మనిషికి, తర్వాత బాలింతకు, చెప్పకూడదట. చెప్పకూడని సంగతి అని తెలిసినవాళ్లకు, అది డాక్టరుకు చూపించాల్సిన సంగతి అని మాత్రం తెలియలేదు. ముందు కంచంలో అన్నం మిగలడం మొదలైంది. తర్వాత అందరితో కూర్చోవడం మానేసింది. తల దువ్వుకోవడం మానేసింది. కిటికీకి దుప్పటి కట్టింది. గుంటల గట్ల మీద ఒక్కతే తిరిగేది. మా నాన్న చదువు బరువన్నాడు. అత్త వయసన్నది. ఎదురింటావిడ కావలిలో ఎవణ్ణో చూసుకుని ఉంటుందంది. ఎవరికి వాళ్ల దగ్గర ఒక్కో పేరు సిద్ధంగా ఉంది. ఏ పేరూ దొరకని మనిషి ఒక్కరున్నా బాగుండేది. ఆ ఒక్కరు వెళ్లి ఎవర్నైనా అడిగి ఉండేవాళ్లు.

ఒక రోజు చెల్లి అత్తతో, ఏరియేటర్ల సద్దులో ఎవరో తన పేరు పెట్టి పిలుస్తున్నారని చెప్పింది. కరెంటు పోయి అవి ఆగినప్పుడు కూడా పిలుస్తూనే ఉన్నారంది. ఇంకో ఊళ్లో, ఇంకో ఇంట్లో అయితే ఈ మాట విని భయపడేవాళ్లు. మా అత్త సంతోషపడింది. చిన్నప్పటి నుంచి మందిరంలో చెప్పేదే దేవుడు మనిషిని పేరు పెట్టి పిలుస్తాడని. తల్లి లేని పిల్లను తాను పెంచి పెద్దచేస్తే, ఆ పిల్లను దేవుడు పిలిచాడు. ఆమె కష్టానికి ఇంతకంటే ఏం కావాలి? మా అత్త చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నా పని తేలికయ్యేది. తిట్టేసి ఊరుకునేదాన్ని.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు చెల్లిని తీసుకెళ్లింది. అక్కడ చెల్లి ఉన్నట్టుండి లేచి, నీళ్లలో చచ్చిపోతారు, నీళ్లలో చచ్చిపోతారు అని నాలుగైదు సార్లు అని కూలబడింది. వారం తిరక్కుండా మా పక్క గుంటకు తెల్లమచ్చ తగిలి పంటంతా పోయింది. చాలు, ఊరంతా పాకిపోయింది. ఆ ఏడు మా చుట్టుపక్కల తెగులు తగలని గుంట ఏది అని ఒక్కడూ అడగలేదు. చెల్లికి ప్రవచన వరం వచ్చిందని అయ్యగారు మందిరంలో నిలబెట్టి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. ఆ మర్నాటి నుంచి మా అరుగు మీదికి సీసాలు రావడం మొదలైంది.

ఆ సీసాల సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. రొయ్య పిల్లను గుంటలో వదిలే ముందు రైతులు నీళ్లను పరీక్షకు పంపుతారు. మా ఊళ్లో ఆ ఏడాది పరీక్ష మా అరుగు మీద జరిగింది. ఎవరి గుంట నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకొచ్చి వరసగా పెట్టేవాళ్లు. చెల్లి బయటికి వచ్చి వాటి మీద చేయి పెట్టి ప్రార్థన చెయ్యాలి, పిల్ల వదలొచ్చో వద్దో చెప్పాలి. మందిరానికి వచ్చేవాళ్లే కాదు, జన్మలో మందిరం గుమ్మం తొక్కని రైతులు కూడా లోపలి ఊళ్ల నుంచి మోటారు సైకిళ్ల మీద సీసాలతో వచ్చారు. రొయ్య దగ్గర మావాళ్లకు కులమూ మతమూ అడ్డం రావు. చెల్లి ఏదో గొణిగేది. ఆ గొణుగుడును అత్త విడమరిచి చెప్పేది. వదిలిన పంట నిలిస్తే వరం, పోతే ఆ రైతు విశ్వాసం తక్కువ. ఏ వైపు తిప్పినా ఓడిపోని ఏర్పాటది. ఇంతటితో పోయినా బాగుండేది. ఉపవాసం ఉంటే వాక్కు బలంగా వస్తుందని అసలే తినని పిల్లను వారానికి రెండు రోజులు పస్తు పెట్టారు. అసలే నిద్రలేని పిల్లను తెల్లవార్లూ ప్రార్థనల్లో కూర్చోబెట్టారు. మేత మిగిలితే కాఫీ తాగలేని మా నాన్న, పూజ్యమైనదేదో ఇంట్లో జరుగుతోందన్నట్టు తలుపు బయట చెప్పులు విడిచి నిలబడేవాడు.

నా బిడ్డకు మూడో నెల వచ్చాక, ఎవరికీ చెప్పకుండా బిడ్డను ఎత్తుకుని బస్సెక్కి వెళ్లాను. అరుగు మీద సీసాలు, వాటి పక్కన నలుగురు మగవాళ్లు బీడీలు తాగుతూ ఉన్నారు. మేనత్త తెల్లచీర కట్టుకుని ఎదురొచ్చి, ముందు కాళ్లు కడుక్కోమంది. లోపల చాప మీద కూర్చుని ఉన్న మనిషిని నేను గుర్తుపట్టలేదు. జుట్టు అట్టకట్టి ఉంది. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. నా చేతిలో బిడ్డను చూసి కూడా దాని మొహంలో ఏమీ కదల్లేదు. నేను దాని పక్కన కూర్చుని తల మీద చేయి వేశాను. అది నా చెవి దగ్గరికి వంగి, ఎవరైనా వింటారేమోనన్నట్టు మెల్లగా మాట్లాడింది.

"అక్కా, వాళ్లను పొమ్మని చెప్పక్కా."

"ఎవురినే?"

"బయటోళ్లను గూడా, లోపలోళ్లను గూడా. నాకు వొద్దక్కా."

నెలల తరబడి ఊళ్లు ఊళ్లే వచ్చి, లోపలివాళ్లు ఏం చెబుతున్నారని ఆ పిల్లను అడిగాయి. వాళ్లు నీకు కావాలా అని ఒక్కరూ అడగలేదు. ఆ రోజు నేను ఏమేం అన్నానో అన్నీ రాయలేను. సీసాలు కాలితో తన్నాను. ఒకటి దొర్లుకుంటూ వెళ్లి ఒకాయన లుంగీ తడిపింది. అయ్యగారు వచ్చి నన్ను కూర్చోమని, తొందరపడొద్దని, పిచ్చాసుపత్రి మెట్లెక్కిస్తే పిల్లకు ముద్ర పడుతుందని, రేపు పెళ్లి కాదని నెమ్మదిగా చెప్పారు. ప్రార్థనకు మించిన మందు లేదన్నారు. అయ్యగారికి షుగరు. పొద్దున్నే పొట్టకు సూది వేసుకునిగాని కాఫీ తాగరు, నెలనెలా నెల్లూరు వచ్చి రక్తం చూపించుకుంటారు. ఆ సంగతి నేను అందరి ముందూ అన్నాను. ఆయన రుమాలు తీసి ముక్కు చీదుకుని నాలుగు మడతలు పెట్టుకున్నారు. ఆ పని చూసి నవ్వాల్సిన మనిషి చాప మీద గోడకేసి చూస్తూ ఉంది.

రాత్రి నాన్నను పట్టుకున్నాను. పొద్దున్నే నెల్లూరు తీసుకుపోతానన్నాను. ఆయన నేల చూపులు చూస్తూ, పట్టుబడి పది రోజుల్లో ఉందని, గుంటలో సరుకు తయారుగా ఉందని, ఈ పంట ఒకటి తీసేస్తే అందరం కలిసి పోదామని అన్నాడు. నా మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది నాకు. "రొయ్య మేత తినకపోతే పొద్దునకల్లా చెక్ ట్రే ఎత్తి చూస్తివే నాయినా. నీ కూతురు కంచం ఎత్తి ఎప్పుడన్నా చూసినావా?"  లేచి గుంట గట్టు మీదికి పోయాడు. అప్పుడు కూడా గుంట దగ్గరికే పోయాడని నాకు ఒళ్లు మండింది.

ఆయన కదలందే, చంకలో బిడ్డతో చెల్లిని నేనొక్కదాన్నే తీసుకుపోలేక అక్కడే ఉండిపోయాను. దానికి మూడో రోజు తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో కాసేపు అర్థం కాలేదు. సద్దు లేదు. గుంటలు తవ్వించాక మా ఇంట్లో అంత నిశ్శబ్దం ఎరగను. బయటికి వచ్చేసరికి మా నాన్న గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. చెల్లి రాత్రి ఎప్పుడో లేచి గట్టు మీది మోటార్ల షెడ్డులోకి వెళ్లి ఏరియేటర్లన్నీ ఆపేసింది. గాలి అందక, పట్టుబడికి సిద్ధంగా ఉన్న రొయ్య మొత్తం తేలిపోయింది. ఒడ్డంతా తెల్లగా ఉంది. చెల్లి షెడ్డు గుమ్మంలో కూర్చుని ఉంది. మా నాన్న లేచి దాని మీదికి చెయ్యెత్తుకుని పోయాడు. నేను పరుగెత్తాను. అది తల ఎత్తి ఆయన్ను చూసి, ఎన్నో నెలల తర్వాత మామూలు గొంతుతో, తన గొంతుతో మాట్లాడింది.

"ఇప్పుడు సద్దు లేదు నాయినా."

మా నాన్న చెయ్యి అట్లాగే గాల్లో ఆగిపోయింది. తర్వాత ఆ చెయ్యి దాని తల మీద పడింది, దెబ్బలా కాదు. ఆయన ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు చూశాను, ఆ తర్వాత అప్పుడే. ఈలోపు ఊరు లేచింది. సీసాలు పెట్టినవాళ్లే గట్టు మీద నిలబడి, అది వరం కాదు, దయ్యం అన్నారు. ఒక్క రాత్రిలో దేవుడు పోయి దయ్యం వచ్చింది, పిల్ల మాత్రం ఆ పిల్లే. అయ్యగారు మందిరం తలుపులు తీయించారు. పిల్లను పట్టుకుని నూనె రాసి దయ్యాన్ని వెళ్లగొట్టాలని నలుగురు ఆడవాళ్లు కొంగులు బిగించారు. మా నాన్న వాళ్లకు అడ్డంగా నిలబడి, నా బిడ్డ మీద చెయ్యి పడితే ఊరుకోనన్నాడు. చచ్చిన రొయ్య వైపు తిరిగి కూడా చూడకుండా, ఐసు మోసే వ్యాను అతన్ని పిలిచి, ముందు సీట్లో మా ఇద్దర్నీ బిడ్డనూ కూర్చోబెట్టి, తాను వెనక ఐసు పెట్టెల మధ్య కూర్చుని నెల్లూరు వచ్చాడు. అత్త రాలేదు. అరుగు మీది సీసాలు తెచ్చుకుని, గట్టున కూర్చుని ఒక్కొక్కటే గుంటలో ఒంపుతూ ఉంది.

నెల్లూరులో మమ్మల్ని చూసిన డాక్టరమ్మ పెద్దావిడ. చెల్లితో ఒంటరిగా చాలాసేపు మాట్లాడి, తర్వాత మమ్మల్ని పిలిచింది. ఎప్పటి నుంచి అని అడిగింది. కిందటేడు వానల నుంచి అన్నాడు నాన్న. ఆవిడ కలం కింద పెట్టేసింది. కోప్పడలేదు, అలసిపోయినట్టుగా చెప్పింది. ఈ జబ్బు ఎక్కువమందికి ఇదే వయసులో, పదిహేను పదహారు దాటాక, పాతికేళ్లలోపు మొదలవుతుందట. తొలిరోజుల్లో తీసుకొస్తే మందు బాగా పనిచేస్తుందట, ఆలస్యమయ్యేకొద్దీ లోపల కొంత దెబ్బతింటుందట. మనసుకు వచ్చే జబ్బులకు కూడా ఒక్కోదానికి ఒక్కో కాలం ఉంటుందంది. కొన్ని రెండు మూడేళ్లకే, మాటలు రావాల్సినప్పుడు రాకపోవడంలో, పిలిస్తే తిరగకపోవడంలో కనబడతాయట. కొన్ని బడిలో వేశాక, కుదురుగా కూర్చోలేకపోవడంలో, అక్షరం పట్టుబడకపోవడంలో బయటపడతాయట. దిగులు, భయం, తిండి మానడం లాంటివి పెద్దమనిషి అయ్యే వయసు చుట్టూ మొదలవుతాయట. చెల్లికి వచ్చిన ఈ జబ్బు మాత్రం ఆ ఈడు దాటాక, కాలేజీ మెట్ల మీద వస్తుందట. మా నాన్న అంతా విని, ఒకే ఒక్క మాట అడిగాడు. "మేత మానేసినప్పుడే తీసుకొచ్చుంటే మేలయ్యుండేదా అమ్మా?" ఆవిడకు అర్థం కాక నా వైపు చూసింది. నాకు అర్థమైంది, కానీ ఆ మాట విడమరచి చెప్పే ఓపిక అప్పుడు నాకు లేదు.

నా కోపం ఒక్క అత్త మీద, అయ్యగారి మీద కాదు. పిల్లకు పళ్లెప్పుడొస్తాయో, నడక ఎప్పుడొస్తుందో, ఈడెప్పుడొస్తుందో మా ఊళ్లో ప్రతి ముసలమ్మకూ తెలుసు. వరి ఎప్పుడు పొట్టకొస్తుందో తెలుసు, రొయ్యకు తెగులు ఏ రోజుల్లో వస్తుందో తెలుసు. ఆ తెగులు గురించి చెప్పడానికి కంపెనీలవాళ్లు షామియానాలు వేసి, బిర్యానీ పెట్టి మరీ మీటింగులు పెట్టేవాళ్లు. పిల్లల మనసుకు ఏ వయసులో ఏం రావచ్చో చెప్పడానికి మా ఊరికి ఒక్కడూ రాలేదు. నేను చదువుకున్న కాలేజీలో చెప్పలేదు, నేను పాఠాలు చెప్పే బడిలో ఇప్పటికీ చెప్పరు. మూడేళ్లకు మాట రాకపోతే మగపిల్లలకు ఆలస్యం అంటారు. కుదురు లేకపోతే కొవ్వు అంటారు. పదహారేళ్ల పిల్ల గదిలోంచి బయటికి రాకపోతే వయసు అంటారు. వస్తాయిలే, పోతాయిలే, తగ్గుతుందిలే. ఈ 'లే' అనేవాళ్ల నోళ్లు కుట్టేయాలనిపిస్తుంది నాకు.

చెల్లి నెల్లూరులో నా దగ్గరే ఉండిపోయి కోలుకుంది. అంటే, లోపలివాళ్లు చాలామంది పోయారు. ఒకరిద్దరు దూరంగా ఉండి అప్పుడప్పుడు గొణుగుతారని, వాళ్లను లెక్కచేయనని చెబుతుంది. రోజూ రాత్రి మాత్ర వేసుకుంటుంది. ఆ మాత్రలకు ఒళ్లు వచ్చింది, చేతులు కాస్త వణుకుతాయి, అయినా కుట్టు చక్కగా కుడుతుంది. లెక్కల పుస్తకం మళ్లీ తెరవలేదు. రెండు మూడు సార్లు తెరిచి, అక్షరాలు నిలబడటం లేదని మూసేసింది. మా నాన్న బతికున్నంతకాలం ఇక్కడికి వచ్చినప్పుడల్లా అన్నాలయ్యాక దాని కంచం తానే ఎత్తుకుని, పెరట్లోకి తీసుకెళ్లి, ఎంత మిగిలిందో వెలుతుర్లో చూసి మరీ కడిగేవాడు. అది నవ్వి, నేనేమన్నా రొయ్యనా నాయినా అనేది.

ఇప్పుడు బుధవారానికి వస్తాను. సంగతి విని చెల్లి మళ్లీ మిషన్ ముందు కూర్చుంది. సాయంత్రం మిషన్ మీద గుడ్డ కప్పి, శుక్రవారం తానూ వస్తానంది. నేను వద్దన్నాను. ఆ ఊరు, ఆ గుంటలు, ఆ సద్దు మళ్లీ దాని చెవిన పడకూడదనుకున్నాను. నీకు కోపం తప్ప ఏమొచ్చు, అరిచి వస్తావు అంది. నిజమే కాబట్టి ఇద్దరికీ బస్సు డబ్బులు తీసిపెట్టాను.

మందిరం ఇప్పుడు స్లాబు వేసుకుంది. అయ్యగారు కొత్త ఆయన. గోడవారగా చాప మీద పిల్ల, చుట్టూ ఆడవాళ్లు, పిల్ల ముందు నీళ్ల సీసాలు. అప్పుడు గాజు సీసాలు కడిగి తెచ్చేవాళ్లు, ఇప్పుడు ప్లాస్టిక్ బాటిళ్లు. ఇన్నేళ్లలో మా ఊరు సాధించిన అభివృద్ధి అది. మేనత్త వంగిపోయిన నడుముతో ఎదురొచ్చి, చెల్లిని చూసి ఆగిపోయింది. ఇంకో పిల్లను తినొద్దు అత్తా అన్నాను, అందరికీ వినబడేట్టు. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుని, దేవుడు పిలవడంటావా అని అడిగింది. పిలుస్తాడేమో, నాకు తెలియదు, కానీ పదిహేడేళ్ల పిల్లను అన్నం మానేయమని మాత్రం అనడు అన్నాను. ఇంకా చాలా అనేదాన్ని. ఈలోగా చెల్లి వెళ్లి ఆ బాటిళ్లను చేత్తో పక్కకు జరిపి, పిల్ల పక్కన చాప మీద చతికిలబడింది.

"వాళ్లు మాట్లాడేది నీకు ఇష్టమేనా పాపా?"

ఆ పిల్ల దాని మొహంలోకి చూసింది. తర్వాత లేదన్నట్టు తలూపింది. ఊపుతూనే ఉంది, ఆపలేకపోయింది, ఊపుతూనే ఏడ్చింది. వాళ్లమ్మ వెనక నిలబడి అంతా చూసింది. కొత్త అయ్యగారు ఏదో మొదలుపెట్టబోతే, ఆవిడ ఆయన వైపు చూడకుండా, నెల్లూరుకు పొద్దున్నే ఎన్నింటికి బస్సని నన్ను అడిగింది.

శనివారం ఆసుపత్రిలో చూసింది చిన్నవయసు డాక్టరు. అప్పటి డాక్టరమ్మ ఇప్పుడు లేదు. ప్రశ్న మాత్రం అదే, ఎప్పటి నుంచి అని. వాళ్లమ్మ భయపడుతూ, తప్పు చేసినదానిలా, రెండు నెలలుగా అంది. డాక్టరు ఫరవాలేదు, తొందరగానే వచ్చారన్నాడు. నా పక్కన చెల్లి, రెండు నెలలేనా, అంది చిన్నగా. మొహమంతా నవ్వే. తర్వాత లేచి బయటికి వెళ్లింది. వెతుక్కుంటూ వెళితే మెట్ల మీద కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, అన్నేళ్లలో నేను ఎన్నడూ చూడనంతగా ఏడుస్తోంది. నేను పక్కన కూర్చున్నాను. నా దగ్గర అప్పుడు కోపం కూడా మిగల్లేదు. కాలమే అన్నీ నయం చేస్తుందనేవాళ్లు మా ఊళ్లో ఇంకా ఉన్నారు. కాలం నా చెల్లి దగ్గర ఒక్క ఏడాది తీసుకుంది, అది ఇవాళ్టికీ తిరిగి ఇవ్వలేదు.